కింది కట్ట షెల్బియా

మా షెల్బియా అక్క ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాడెవడైనా ఉంటే నా ముందుకు రమ్మనండి. పెళ్ళిలో కూస్కూసు పళ్ళెం ముందు కూడా ఆవిడ ప్రాణం కుదుటపడదు. మబ్బు పట్టిందా, చెయ్యి కడుక్కోకుండానే గుమ్మంలోకి వెళ్ళి మెడ చాచి చూస్తుంది. మబ్బు లేదా, ఇంకా ఎక్కువ కంగారు. "ఇన్నాళ్ళు ఎండితే కట్ట బీటలిస్తుందిరా, ఒక్కసారిగా నీళ్ళొస్తే ఆగుతుందా?" అంటుంది. వాన వస్తే ఒక దిగులు, రాకపోతే రెండు దిగుళ్ళు. ఊళ్ళో ఆవిడకి కాలుగాలిన పిల్లి అని పేరు. ఆ పేరు పెట్టింది నేనే, దాచడమెందుకు.

మా మత్మాత కొండల్లో పొలమంటే కట్టే. రెండు గుట్టల మధ్య వాగుకి అడ్డంగా ఒక మట్టికట్ట, దానికి ఎగువన వరద తెచ్చి పోసిన ఒండ్రు, ఆ ఒండ్రులో పది పదిహేను ఆలివ్ చెట్లు, ఒకటో రెండో అత్తి చెట్లు. సర్కారు కట్టినవి కావు. ఎవడి కట్ట వాడిది. తాత కడితే తండ్రి ఎత్తు పెంచుతాడు, కొడుకు కాపాడుకుంటాడు. కట్ట పక్కన రాతితో అలుగు ఉంటుంది. చెట్లు తాగగా మిగిలిన నీళ్ళు దాని మీంచి దిగి కిందవాడి కట్టలోకి పోతాయి. మా వాగులో పై కట్ట నాది, కింద కట్ట అక్కది. ఆవిడ కట్ట దిగువన ఇక కట్టల్లేవు. సాలెమ్ వాళ్ళ రెండిళ్ళు, వాటిల్లో తొమ్మిది మంది మనుషులు, ఆ తర్వాత రోడ్డు.

ఆవిడ మా పెదనాన్న బెల్గాసెమ్ కూతురు, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. చిన్నప్పుడు మగపిల్లలం మేకల వెనక పరిగెడుతుంటే పెదనాన్న ఆవిణ్ణి కట్ట మీద తిప్పేవాడు. కొత్తగా పోసిన మట్టిని గట్టిగా తొక్కడం ఆవిడ పని. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా అటూ ఇటూ, ఇటూ అటూ. ఆ నడక అప్పుడు పట్టుకుంది, ఇప్పటిదాకా వదల్లేదు. పంతొమ్మిదేళ్ళకి జెర్బా ద్వీపంలో చేపల పడవవాడికిచ్చి పెళ్ళి చేశారు. అక్కడ వాకిట్లోనే సముద్రం. అయినా వాన మొదలైతే చాలు, "మా నాన్న కట్ట ఏమైందో" అని ఈవిడ ఏడుపు లంకించుకునేదట. "ఇంత నీళ్ళు కళ్ళ ముందు పెట్టుకుని ఆ గుక్కెడు నీళ్ళ కోసం ఏడుస్తావేమిటే?" అనేవాడట మా బావ. మంచివాడు, పాపం. ఎనిమిదేళ్ళ తర్వాత జబ్బు చేసి పోయాడు. పిల్లల్లేరు. ఒక ట్రంకుపెట్టెతో అక్క తిరిగొచ్చింది, ఆ పెట్టె లోపల పెట్టకముందే కట్ట మీదికి వెళ్ళింది.

పెదనాన్న పోయాక ఆస్తి మాట వచ్చింది. ఆవిడ తమ్ముళ్ళిద్దరూ ట్యూనిస్‌లో నూనెలో వేయించే రొట్టెల దుకాణం పెట్టుకుని అక్కడే స్థిరపడ్డారు. "ఆ రాళ్ళూ రప్పలూ మాకెందుకు, నువ్వే ఉంచుకో అక్కా" అని నవ్వి, సంతకాలు పెట్టి వెళ్ళిపోయారు. పదకొండు ఆలివ్ చెట్లు, రెండు అత్తి చెట్లు, ఒక కట్ట. ఆవిడకి లోకంలో ఉన్నది అదే.

దాన్ని ఆవిడ ఎలా చూసుకునేదో చెబితే నవ్వుతారు. వాన వెలిసిన మర్నాడు చెప్పులు విప్పి కట్ట వెనక, దిగువ వైపు అంచు వెంట నడుస్తుంది. కట్టలోంచి నీళ్ళ ఊట ఉందో లేదో పాదానికే తెలుస్తుందట. ఎడారి ఎలుకలు తవ్విన బొరియ కనిపిస్తే పుల్ల పెట్టి లోతు చూసి, ముళ్ళకంప దూర్చి, జిగటమట్టి కూరి, పైన రాయితో బాదుతుంది. మేకలు కట్ట మీద దారి చేస్తే కాపరుల అమ్మానాన్నల్ని కూడా కలిపి తిడుతుంది. ఎందుకంటే మేకలు నడిచినచోట కట్ట జానెడు అణిగిపోతుంది, నీళ్ళు పైకొచ్చినప్పుడు ముందు అక్కడే పొర్లుతాయి. ఒకసారి నీడ కోసమని నా కట్ట మీద నేను అత్తి మొక్క నాటుకున్నాను. తెల్లారేసరికి పీకి నా గుమ్మం ముందు పడేసింది!

"నా కట్ట మీద నా మొక్కని పీకడానికి నువ్వెవరు?" అని గయ్యిమన్నాను.

"మొక్క బతికినన్నాళ్ళూ బానే ఉంటుంది. చచ్చాక వేళ్ళు కుళ్ళి గొట్టాలవుతాయి. ఆ గొట్టాల్లోంచి నీళ్ళు దూరి కట్టని లోపల్నుంచి తినేస్తాయి. అప్పుడు నీ కట్ట వచ్చి నా నెత్తిన పడుతుంది. నీడ కావాలంటే గొడుగు కొనుక్కో," అంది.

మా ఆవిడ ఫెజ్రియా ఇంట్లోంచి పకపకా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. నాకు ముక్కు మీదే కోపం, అది మా ఇంట్లో అందరికీ వచ్చినదే. అక్కకీ ఉంది. కాకపోతే ఆవిడ కోపం కట్ట గురించి, నా కోపం నా గురించి. ఈ తేడా నాకు యాభై ఏళ్ళు దాటాక గానీ అర్థం కాలేదు.

ఆ తర్వాత మూడేళ్ళు వాన మొహం చూపించలేదు. మూడేళ్ళు! మొదటి ఏడు ఆలివ్ కాయ చిన్నబోయింది. రెండో ఏడు ఆకు ముడుచుకుంది. మూడో ఏడు నా చెట్లు రెండు నిలువునా ఎండిపోయాయి. మా నాన్న చేత్తో పెట్టిన చెట్లవి. వాటిని నా చేత్తోనే నరుక్కున్నాను. ఊళ్ళో అందరి నోటా ఒకటే మాట, ఈసారి పడితే ఒక్క చుక్క వదలకూడదని. మా వాళ్ళ తెలివి అంత. కరువు నాడు వరద సంగతి ఒక్కడికీ గుర్తుండదు.

నేనైతే ఇంకా రెండాకులు ఎక్కువే చదివాను. ఆ ఆగస్టులో పట్నం నుంచి నా బండిలో సిమెంటు బస్తాలు తెచ్చుకుని అలుగు మీద మూరెడు ఎత్తున రాతివరస కట్టేశాను. అలుగు ఎత్తితే లోపల నిలిచే నీళ్ళు ఎక్కువ, కిందకి పోయేవి తక్కువ. కట్టని మాత్రం ఒక్క బెత్తెడు పెంచలేదు. కట్ట పెంచాలంటే నలభై రోజులు మట్టి మొయ్యాలి, అలుగు పెంచాలంటే రెండు రోజులు చాలు. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మా దగ్గర అలుగు రాయి కదపాలంటే కిందవాళ్ళు ఎదురుగా నిలబడి చూడాలి. తాతల నాటి కట్టుబాటు. అక్క మేనకోడలి పెళ్ళికని ట్యూనిస్ వెళ్ళిన వారంలోనే ఈ పని చేశాను. అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు.

ఊళ్ళో బస్సు దిగి ఆవిడ నేరుగా కట్టల దగ్గరికే పోయింది. అక్కణ్ణుంచి మా ఇంటికొచ్చింది, పెళ్ళి గోరింట చేతులకి ఇంకా ఎర్రగానే ఉంది.

"ఒరేయ్ జిలానీ, అలుగు మీద ఏమిటది?"

"ఏమిటీ? రాళ్ళు."

"ఎవణ్ణి అడిగి పెట్టావు?"

"నా అలుగు, నా రాళ్ళు, నా సిమెంటు. నా గుట్ట మీద పడిన వాన కూడా నాదే."

"వాన నీ అబ్బ సొత్తా? సరే, నీదే అనుకో. దాన్ని ఆపేది కట్టరా, అలుగు కాదు. అలుగు పెంచి కట్ట పెంచకపోవడమంటే మనిషి మూతి కుట్టేసి గంజి తాగించినట్టు. పెద్ద వాన వస్తే నీళ్ళు ఎటు పోవాలి? కట్ట మీంచి పొర్లాలి. పొర్లితే మట్టికట్ట ఎంతసేపుంటుంది? సిగరెట్టు కాల్చినంతసేపు."

"వస్తే కదా పెద్ద వాన! మూడేళ్ళయింది పిల్లలు గొడుగు మొహం చూసి."

ఆవిడ కూర్చోలేదు. ఫెజ్రియా టీ ఇస్తే గ్లాసు చేత్తో పట్టుకుని గదంతా తిరిగింది. చివరికి గుమ్మం దగ్గర ఆగి, "ఇంటి మాట వీధిలో వెయ్యను. ఊరి పెద్దలతో చెప్పను. నువ్వే తీసెయ్. మొదటి మబ్బు పట్టేలోపు తీసెయ్, నాన్నా," అంది. నేను అటు తిరిగి రేడియో పెట్టుకున్నాను.

అక్కడి నుంచి ఆవిడ నా చెవిలో జోరీగ అయింది. పొద్దున అత్తిపళ్ళు ఇచ్చే నెపంతో వస్తుంది, సాయంత్రం జల్లెడ అడిగే నెపంతో వస్తుంది. "తీశావా?" "తీస్తాలే." "ఎప్పుడు?" "చూద్దాం." ఒకరోజు చూస్తే ఆవిడ తన అలుగు దగ్గర గడ్డపారతో రాళ్ళు పెరుకుతోంది. రెండు వరసలు తీసేసి తన అలుగుని కిందకి దింపేసింది! అంటే ఆవిడ చెట్లకి నిలిచే నీళ్ళు సగానికి సగం తగ్గినట్టే. మూడేళ్ళ కరువులో ఆ పని చేసేవాళ్ళుంటారా?

"నీళ్ళు వద్దనేవాళ్ళని నీ దగ్గరే చూశాను," అని పైనుంచి అరిచాను.

"నీ బుర్రలో పడాల్సినవి నా కట్టలో పడతాయి కదా, చోటు చేస్తున్నాను," అంది, తల కూడా ఎత్తకుండా.

అక్టోబరు చివర్లో ఒక మంగళవారం మధ్యాహ్నం పడమటి కొండల మీద ఆకాశం నల్లబడింది. మొదట గాలి, తర్వాత మట్టివాసన, తర్వాత వాన. వాన అనకూడదు దాన్ని, పైనుంచి ఎవరో కుమ్మరించారు. నేను పార పట్టుకుని కట్ట మీదికి పరిగెత్తాను. వాగు ఎర్రగా, కంపలూ రాళ్ళూ దొర్లించుకుంటూ వచ్చింది. నా చెట్ల మొదళ్ళు మునిగాయి. చిన్నపిల్లాడిలా ఎగిరాను. "అల్లా, నీకు వేనవేల దండాలు!" అని అరిచాను. మూడేళ్ళ తర్వాత నా కట్ట నిండుతోంది, ఒక్క చుక్క కింద పడటం లేదు!

నీళ్ళు ఇంకా పెరిగాయి. మొదళ్ళు దాటి కొమ్మలు అందుకున్నాయి. అలుగు మీద నా సిమెంటు వరస అంచుకి వచ్చాయి, పల్చగా దాటుతున్నాయి. లోపలికి వచ్చేది ఏరంత, బయటికి పోయేది చెంబుడు. కట్ట అంచుకి జానెడు దూరంలో ఉన్నాయి. తర్వాత బెత్తెడు. అప్పుడు చూశాను, మేకలు తొక్కిన పల్లం దగ్గర సన్నటి పాయ ఒకటి కట్ట దాటి అవతలికి జారుతోంది. పారతో మట్టి వేశాను, కొట్టుకుపోయింది. మళ్ళీ వేశాను, పోయింది. నా చొక్కా విప్పి కుక్కాను. కట్ట అవతలి వైపు మట్టి ముద్దలు ముద్దలుగా ఊడుతోంది. పార పట్టుకుని కొయ్యలా నిలబడిపోయాను.

వెనకనుంచి, "ఒరేయ్, కొట్టు!" అని కేక.

అక్క. నడుముకి గుడ్డ బిగించి కట్టుకుని, గడ్డపార ఊతంగా గుట్ట పక్కనుంచి ఎక్కి వస్తోంది.

"కొట్టరా ఆ వరసని! ఏం చూస్తున్నావు?"

నేను కదల్లేదు. భయమో, మొండితనమో, ఆ నీళ్ళ మీద ఆశో, ఈరోజుకీ తెలీదు. నోట్లోంచి ఒక్క మాట మాత్రం వచ్చింది. "అక్కా, కొడితే అంతా నీ కట్ట మీదికే వస్తుంది."

"తెలుసు. కొట్టకపోతే నీ కట్టంతా ఒక్కసారిగా లేచి వస్తుంది. నాదీ పోతుంది, సాలెమ్ వాళ్ళ పిల్లలూ పోతారు. తప్పుకో."

నన్ను భుజంతో నెట్టి అలుగు గోడ మీదికి ఎక్కింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాలి లోతు వరదలో నిలబడి గడ్డపార ఎత్తి దించింది. ఎత్తి దించింది. నా సిమెంటు మహా గట్టిది, తొమ్మిదో పోటుకో పదో పోటుకో మొదటి రాయి కదిలింది. అది కదిలాక మిగతావి నీళ్ళే పట్టుకుపోయాయి. అంత శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఆవిడ పక్క గోడకి అతుక్కుపోయి నిలబడింది. నేను అప్పుడు కూడా చెయ్యి అందించలేదు.

నా కట్ట దగ్గర నీళ్ళు దిగడం మొదలైంది. జానెడు, మూరెడు. పల్లం దగ్గర పాయ ఆగింది. ఆవిడ అటు చూడలేదు. కిందకి, తన కట్ట వైపు చూస్తోంది. దింపిన అలుగు చాలావరకు నీళ్ళని మోసింది. కానీ గోడకీ మట్టికీ మధ్య మూల కోసుకుపోయింది, చూస్తుండగానే గండి పడింది. నాలుగు చెట్లు వేళ్ళతో సహా లేచి పక్కకి ఒరిగాయి. ఆవిడ, "పోయింది," అంది. ఏడవలేదు. గడ్డపార భుజాన వేసుకుని గబగబా కిందకి దిగిపోయింది, సాలెమ్ వాళ్ళ ఇంటికి. అక్కడ నీళ్ళు గుమ్మం దాకా వచ్చి ఆగాయి. తొమ్మిది మందీ మిద్దె మీద ఉన్నారు.

వాన తగ్గాక ఊరంతా అక్కడ పోగైంది. ఊరి పెద్ద హాజీ లమీన్ రెండు కట్టలూ చూసి వచ్చాడు. నా సిమెంటు రాళ్ళు ఎటుపోయాయో, వాటి ఆనవాలు కూడా లేదు. కనిపించేది విరిగిన అలుగు, అంతే.

"జిలానీ, నీ అలుగు ఎవరు పగలగొట్టారు?" అని అడిగాడు.

"అక్క," అన్నాను.

"నిన్నడిగే కొట్టిందా?"

"అడగలేదు."

ఒక్క అబద్ధమాడానా చెప్పండి? లేదు. రెండూ నిజాలే. అక్కడే నేను నోరు మూసుకున్నాను. అలుగు ఎందుకు పగలగొట్టాల్సి వచ్చిందో చెప్పాలంటే, దొంగచాటుగా దాన్ని నేను పెంచిన సంగతి ముందు చెప్పాలి. నలుగురిలో నా పరువు పోతుంది. అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసింది. "అవును, నేనే కొట్టాను," అంది.

మా కొండల్లో ఇతరుల అలుగు మీద చెయ్యి వెయ్యడం కంటే పెద్ద తప్పు లేదు. కట్ట తెగితే ఊరంతా తట్టలు పట్టుకొచ్చి ఒక్కరోజులో పూడ్చి పోతారు. దాన్ని రగాతా అంటాం. పిలిచినవాళ్ళు కడుపునిండా తిండి పెడితే చాలు. కానీ అలుగు కొట్టినవాళ్ళ రగాతాకి ఏడాది పాటు ఎవరూ వెళ్ళకూడదు. హాజీ లమీన్ ఆ మాటే చెప్పాడు, చెబుతూ ఆయన కూడా తల దించుకున్నాడు. "నీళ్ళ కోసమే కొట్టుంటుంది, చెట్లు ఎండిపోతున్నాయిగా," అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆ మాట విని కూడా నేను మాట్లాడలేదు చూశారా, ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మర్నాటి నుంచి ఆవిడ ఒక్కతే. గాడిద మీద రెండు గంపలు, చేతిలో పార. కింద నుంచి మట్టి తవ్వి, తెచ్చి, గండిలో పోసి, నీళ్ళు చల్లి, తొక్కి, మళ్ళీ దిగేది. రోజుకి ఇరవై సార్లు. గండి పది గజాల వెడల్పు. సాలెమ్ పెళ్ళాం దొంగచాటుగా రొట్టె పట్టుకెళ్ళి ఇచ్చి, ఏడుస్తూ తిరిగొచ్చేది. నేను పైన నా కట్ట మీద అటూ ఇటూ తిరిగేవాణ్ణి. కూర్చోలేను, నిలబడలేను, తింటే దిగదు. ఒకరోజు ఫెజ్రియా, "కాలుగాలిన పిల్లి అని ఆవిణ్ణి అన్నావు. ఇప్పుడు నీ కాళ్ళకేమైంది?" అంది. కోపంతో కూస్కూసు పళ్ళెం నెట్టేశాను. "నెట్టు, నెట్టు. అది కూడా ఆవిడే చేసిందని ఊళ్ళో చెప్పు," అంది.

అన్నిటికంటే నన్ను తినేసింది ఏమిటంటే, పనిలో ఉండి కూడా ఆవిడ నా కట్ట మీద కన్ను తియ్యలేదు. ఒకరోజు కింద నుంచి అరిచింది. "ఒరేయ్, నీ కట్ట వెనక సగం మట్టి ఊడిపోయింది, చూసుకున్నావా? ఇంకో వాన వస్తే ఆగదు!" నన్ను తిట్టొచ్చుగా? తిట్టదు. నాతో ఏమీ జరగనట్టే మాట్లాడుతుంది.

పదహారో రోజు నేను తట్ట పట్టుకుని దిగాను. ఆవిడ నన్ను చూసి గాడిద తాడు వదలకుండానే, "వద్దు, వెళ్ళు. నిన్ను కూడా వెలేస్తారు," అంది.

"అక్కా, ఆరోజు ఎందుకు చెప్పలేదు నువ్వు? ఒక్క మాట చెబితే పోయేదిగా."

ఆవిడ మొదటిసారి కాళ్ళు ఆపింది. "నువ్వే చెప్తావనుకున్నాన్రా," అంది. "ఆ రోజు చెప్తాడు, మర్నాడు చెప్తాడు, శుక్రవారం చెప్తాడు అనుకున్నాను. నా చేతుల్లో పెరిగినవాడివి."

అంతే. మళ్ళీ గాడిదని అదిలించింది. నేను అక్కడే ఒక రాయి మీద కూలబడి, నలుగురూ చూస్తారని కూడా లేకుండా ఏడ్చాను.

మర్నాడు శుక్రవారం. నమాజు అయ్యాక మసీదు మెట్ల మీద నిలబడి అంతా కక్కేశాను. సిమెంటు, పెళ్ళికి ఆవిడ వెళ్ళిన వారం, నేను కొయ్యలా నిలబడిపోవడం, ఆవిడ ఎత్తి దించిన గడ్డపార, "అడగలేదు" అన్న నా మాట, అన్నీ. మధ్యలో ఎవడో ఉమ్మేశాడు. హాజీ లమీన్ చేతికర్రతో మెట్టు మీద కొట్టాడు. "మా అందరి చేతా పాపం చేయించావు కదరా," అన్నాడు. సాలెమ్ నా మీదికి వచ్చాడు, పట్టుకున్నారు. కొడితే బాగుండేది.

శనివారం పొద్దున్నే నలభై మంది తట్టలూ పారలూ దిమ్మిసలూ పట్టుకుని అక్క కట్ట దగ్గరికి వచ్చారు. ఆడవాళ్ళు బ్సీసా కలిపి తెచ్చారు, వేయించిన బార్లీ పిండీ ఆలివ్ నూనే. ఒక్కరూ నాతో మాట్లాడలేదు. ఆలివ్ గానుగ ఆదివారం నుంచి మొదలు, కాబట్టి వాళ్ళ చేతిలో ఉన్నది ఆ ఒక్కరోజే. హాజీ లమీన్ ఆవిడ దగ్గరికెళ్ళి, "మమ్మల్ని క్షమించు తల్లీ. ఎక్కడ మొదలుపెట్టమంటావు?" అన్నాడు.

ఆవిడ నలభై మందినీ చూసింది, ఆకాశం చూసింది. చేత్తో పైకి చూపించింది. "పైన. జిలానీ కట్ట."

గొడవ గొడవైపోయింది. "వాడికా? వాడికి ఒక్క తట్ట కూడా వెయ్యం!" అని సాలెమ్ అరిచాడు.

"వాడికి వెయ్యొద్దు. వాడి కట్టకి వెయ్యండి. వెనక సగం ఊడిపోయింది, చూడలేదా మీరు? అది అలా ఉండగా నాది బంగారంతో కట్టినా లాభమేంటి? వాన పడితే రెండూ పోతాయి, ఆ తర్వాత నీ ఇల్లే పోతుంది."

"మరి నీ కట్టో? రేపటి నుంచి గానుగ, ఎవరూ రాలేరు."

"నాది నేను చూసుకుంటాలే. అరవండి, అరవండి, పొద్దెక్కుతోంది!"

ఆ రోజంతా నలభై మంది నా కట్ట మీద పని చేశారు. తిడుతూ చేశారు, కానీ చేశారు. మూరెడు ఎత్తు పెంచారు. అలుగు పాత మట్టానికే కట్టారు, ఆవిడ ఎదురుగా నిలబడి ఒక్కొక్క రాయీ చూసింది. ఒక రాయి వేలెడు ఎత్తుందని తీయించి మళ్ళీ పెట్టించింది. పొద్దు వాలేసరికి నా కట్ట మా నాన్న రోజుల్లో కూడా లేనంత గట్టిగా నిలబడింది. ఆవిడ కట్ట గండితో అలాగే ఉంది.

ఆదివారం నుంచి నేనూ ఫెజ్రియా ఆవిడతో మట్టి మోశాం. ముగ్గురం, ఒక గాడిద. ఆ గండి ఎక్కడ పూడుతుంది! సగం కూడా కాలేదు, డిసెంబరు మొదట్లో రెండో వాన వచ్చింది.

నేను నా కట్ట మీద నిలబడ్డాను. నీళ్ళు వచ్చాయి, నిండాయి, అలుగు మీంచి బుద్ధిగా దిగాయి. కట్ట చెక్కుచెదరలేదు. కింద, మేము ఇరవై రోజులు మోసిన మట్టిని నీళ్ళు కడిగేసి, గండిలోంచి నేరుగా రోడ్డు వైపు పోయాయి. ఆవిడ ఏడు చెట్ల దగ్గర చెంబెడు నీళ్ళు కూడా నిలవలేదు. నా పద్నాలుగు చెట్లూ నడుముల దాకా నీళ్ళలో ఉన్నాయి. నిండిన కట్ట చూసి ఏడ్చినవాడు మా కొండల్లో నాకు తెలిసి ఇంకొకడు లేడు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

కింద ఒడ్డు మీద వానలో తడుస్తూ అక్క అటూ ఇటూ తిరుగుతోంది. తల ఎత్తి నన్ను చూసింది.

"ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ, ముందు కట్ట వెనక్కి వెళ్ళి చూడరా," అని అరిచింది. "ఊట ఏమైనా ఉందా? చెప్పులు విప్పి చూడు!"